హారన్ లేని బండి

పాత డీజిల్ పికప్ కొనబోయే తమ్ముళ్ళకు ముందుగా ఒక మాట. బండి దగ్గరికి పోగానే అమ్మేవాడికి నమస్కారం పెట్టకండి. ముందు బోనెట్ మీద అరచెయ్యి పెట్టండి. చల్లగా ఉంటే అప్పుడు నమస్కారం. వెచ్చగా ఉంటే "పని పడింది, రేపు పొద్దున వస్తా" అని ఇంటికి పోయి కాఫీ తాగండి. మీరు వచ్చేలోపే వాడు ఇంజను తిప్పి వేడి చేసి పెట్టాడన్నమాట. డీజిల్ ఇంజను రోగాలన్నీ చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి. వేడెక్కాక అది కూడా పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకులాగా బుద్ధిగా కూర్చుంటుంది.

ఇది మా డిపోలో నేర్చుకున్న ఆచారం. బస్సు డిపోలో మెకానిక్‌గా చేరి, హెడ్ మెకానిక్‌గా దిగిపోయాను. రిటైరయ్యాక ఏ.ఎస్. రావు నగర్‌లో ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చుందామనుకుంటే, మా ఆవిడ ఇంట్లో మిక్సీ, వీధిలో వాళ్ళ మిక్సీలు కూడా తెచ్చి నా ముందు పెట్టడం షురూ చేసింది. ఆ పోరు పడలేక, పాత బండ్లు కొనేవాళ్ళ వెంట పోయి చూసిపెట్టే పని పెట్టుకున్నాను. నాకు తోడు భాయ్. నేనాయన్ని, ఆయన నన్ను, ఇద్దరం అట్లాగే పిలుచుకుంటాం. మా డిపోలోనే పెయింటర్‌గా చేసి నాకంటే ముందు దిగిపోయినవాడు. ఇంజను నాది, రేకు ఆయనది. వేలి కణుపుతో డోరు మీద టకటక కొట్టి, ఎక్కడ సొట్ట పడితే లప్పం పూసి కప్పెట్టారో కళ్ళు మూసుకుని చెప్పేస్తాడు. మామిడిపండ్లు కొనేటప్పుడు కూడా అట్లాగే కొడతాడు, అది వేరే సంగతి.

ఇద్దరం కలిసి చాలా బండ్లు చూశాం. చాలావరకు మర్చిపోయాను. ఒక్క బండి మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందు కదులుతుంది. పట్టపగలు, నిండు ఎండలో, మారేడ్‌పల్లి రోడ్డు మీద నా ఒళ్ళు జలదరించేటట్టు చేసిన బండి అది.

మోండా మార్కెట్‌లో ఆకుకూరలు అమ్మే ఒకామె ఉంది. గంప ముందు పెట్టుకుని కూర్చునే అమ్మకం కాదు. తోటల దగ్గర కొని తెచ్చి, మెస్సులకూ హోటళ్ళకూ టోకున వేస్తుంది. మా ఇంటి పాలకూర ఏళ్ళ తరబడి ఆమె దగ్గర్నుంచే. ఆమె భర్త కరోనా ఏట పోయాడు. ఆసుపత్రిలో చేర్చిన మనిషిని మళ్ళీ చూడలేదు. పోయాడని ఫోనొచ్చింది, వీళ్ళు పరుగెత్తేసరికి "తీసుకుపోయారమ్మా" అన్నారు. ఎవరు, ఏ బండిలో, ఎక్కడికి అంటే చెప్పే నాథుడు లేడు. ఈ సంగతి ఆమె నాకు ఏడుస్తూ చెప్పలేదు. తోటకూర కట్టలు విడదీస్తూ చెప్పింది. అందుకే నాకు అది మరీ బాధగా గుర్తుండిపోయింది.

ఒకరోజు పొద్దున కూరకని పోతే, కట్టలు పక్కకు నెట్టి నా దగ్గరికి వచ్చింది.

"కాకా, కిరాయి బండోడు సతాయిస్తున్నడు. రమ్మన్న యాళ్ళకు రాడు. ఆకు మొత్తం ఎండకు వాడిపోయి వస్తున్నది. మెస్సోల్లు తిప్పి పంపుతున్రు. గిట్లనే నడిస్తే నా అడ్డా నేనే ఖాళీ జేసుకోవాలె. మారేడ్‌పల్లిల ఒక పికప్ అమ్మకానికి ఉన్నదంట. మా తమ్ముడు నడుపుతడు. జెర నువ్వొచ్చి సూడు."

"చూస్త బిడ్డా. కానీ నేను వద్దంటే వద్దే. మల్ల మీ తమ్మునికి సీటు కవర్లు నచ్చినయి, పాటల డబ్బా నచ్చిందంటే నాకు మండుతది."

"నాకు ఒక్కటే కాకా. మచ్చ లేని బండి గావాలె. తినేటి వస్తువ మోసే బండి. దాని కింద ఎవలో పడి సచ్చిన్రని ఒక్కలు అన్నా సుత, నా కొత్తిమీర ఎవ్వలు ముట్టరు."

ఆమె భయం ఉత్తది కాదు. మోండాలో ఆ పట్టింపు గట్టిదే. ఎవరైనా పాత బండి కొని తెస్తే, అది ఇంతకుముందు ఎవరిది, ఏమయితే అమ్మారని ఆరా తీసి గానీ పక్క అడ్డా వాళ్ళు తమ మూట అందులో వెయ్యరు. పక్కవాళ్ళ మూటలు కూడా ఎక్కితేనే ఆమెకు బండి ఖర్చు గిట్టుబాటయ్యేది. కాబట్టి ఆమె అడుగుతున్నది మంచి ఇంజను ఒక్కటే కాదు, మంచి పేరు కూడా. అది నా పానాలతో, స్క్రూడ్రైవర్లతో తేలేది కాదని అప్పుడు నాకు తట్టలేదు.

మర్నాడు పొద్దున ఆమె, ఆమె తమ్ముడు, భాయ్, నేను మారేడ్‌పల్లి పోయాం. సందు చివర ఒక పాత ఇల్లు, పక్కనే రేకుల షెడ్డు, అందులో తెల్లటి పికప్. నేను ఎవరినీ పలకరించకుండా పోయి బోనెట్ మీద చెయ్యి పెట్టాను. కుండలా చల్లగా ఉంది. అప్పుడు తిరిగి చూస్తే, గోడకు ఆనుకుని ఒక ముసలాయన. మేం వచ్చినప్పటి నుంచి అక్కడే ఉన్నాడట. బట్టలు తెల్లగా, గడ్డం నున్నగా, మాట మాత్రం పక్క గదిలో ఎవరో నిద్రపోతున్నట్టు మెల్లగా ఉంది.

"సూడుండ్రి సార్. ఏం దాస్తలేను," అన్నాడు.

తాళం తిప్పాను. ఒక్క తిప్పుకు లేచింది. తమ్ముళ్ళారా, పొగ రంగు చూడటం మర్చిపోకండి. నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోందని. స్టార్ట్ చేసిన నిమిషానికి కూడా తెల్ల పొగ ఆగకపోతే లోపల నీళ్ళు దిగుతున్నాయేమో చూడాలి. నల్ల పొగ వస్తే పంపు దగ్గరో ఇంజెక్టర్ల దగ్గరో పని ఉందని. దీనికి ఏ పొగా లేదు. ఇంజను నడుస్తుండగా ఆయిల్ మూత తీసి చూశాను. ముసలి ఇంజనైతే అక్కడ బుసబుసా పొగ ఊదుతుంది. ఇది ఊదలేదు. కిందికి వంగి కమాన్ పట్టీలు చూశాను. బరువులు మోసిన బండికి అవి చదునుగా అయిపోతాయి. దీనివి కొత్త బండివాటిలాగా వంపు తిరిగి ఉన్నాయి. మీటరు చూస్తే ఇన్నేళ్ళ బండికి తిరిగిన దూరం నమ్మశక్యం కానంత తక్కువ.

అక్కడ నా బుర్ర పాదరసంలాగా పనిచేసింది. క్లచ్ పెడల్ మీది రబ్బరు అరిగి అరిగి ఇనుము తేలింది. తొక్కి చూస్తే క్లచ్ ప్లేటు కొన ఊపిరితో ఉంది. మీటరు తక్కువ, క్లచ్ అరిగిపోయింది అంటే మా లైనులో ఒకటే అర్థం. మీటరు వెనక్కి తిప్పారు. వెంటనే గొంతు పెంచాను.

"ఏం పెద్దమనిషీ, నా నెత్తి మీద తెల్ల వెంట్రుకలు ఎండకు వచ్చినయనుకున్నవా? మీటరు ఎవలతోని తిప్పించినవ్?"

"మీటరు ముట్టలే సార్. బండి దూరం పోయేది గాదు. గీడ గీడనే."

"మరి క్లచ్చెట్ల అరిగింది? లోడెంత ఏసేటోనివి?"

"ఒకపారికి ఒక్కటే సార్. పోయేటప్పుడు ఉంటది. వచ్చేటప్పుడు ఖాళీ."

ఒక్కటే అనగానే నా అంతట నేనే తీర్మానించేశాను. బీరువాలు మోసే బండి. ఒక్కో బీరువా, ఒక్కో ఇల్లు, సందుల్లో ఆగుతూ పోతే క్లచ్ అరగదా మరి? నా తెలివి తెల్లారినట్టే ఉంది. బీరువా అనుకున్నాక ఇక ఆ ముసలాయన్ని ఇంకో ప్రశ్న అడగలేదు.

ఈలోపు భాయ్ బండి చుట్టూ తిరిగి కొట్టిచూడటం అయిపోయింది. నన్ను పక్కకు పిలిచాడు. ఆయన ముఖంలో ఎప్పుడూ ఉండే ఎకసెక్కం లేదు.

"భాయ్, లప్పం లేదు. ఒరిజినల్ రేకు. సొట్ట లేదు, గీత సుత లేదు. సికింద్రాబాదుల ఇన్నేండ్లు తిరిగినంక గీత లేని బండి యాడుంటది? ఒక్క ఆటోవాలా అన్న రాసుకొని పోవాలె గదా?"

"మంచిదే గదా భాయ్."

"మంచిదే. మరి వెనక డబ్బాకు నాలుగు దిక్కుల కొత్త పెయింట్ ఎందుకు గొట్టిండు? దెబ్బ లేదు, తుప్పు లేదు. నాకు దిల్ ఒప్పుతలేదు."

నేను వినిపించుకోలేదు. డ్రైవరు సీట్లో కూర్చున్నాను. హారన్ నొక్కితే మోగలేదు. హారన్ బిళ్ళ మాత్రం షోరూంలోంచి తెచ్చినట్టు మెరుస్తోంది. తల పైన అద్దం ఉండాల్సిన చోట మర బెజ్జాలు ఉన్నాయి. బయటి అద్దాలు రెండూ లోపలికి మడిచి ఉన్నాయి. అవి తెరవడానికి నా బలమంతా పెట్టాల్సి వచ్చింది.

"హారన్ ఏదీ?" అన్నాను కిటికీలోంచి.

"వైరు పీకేసిన సార్. బండి కొన్న కొత్తల్నే."

"హారన్ లేకుంట ఈ ఊర్ల ఎట్ల నడిపినవయ్యా?"

"అక్కర పడలే. వాళ్ళంతల వాళ్ళే జరుగుతరు."

ఎందుకో ఆ జవాబు నాకు నచ్చలేదు. అయినా బండి నడిపి చూడకుండా ఏమీ తేల్చలేం కదా. ఆమె తమ్ముడు నా పక్కన కూర్చున్నాడు. ఆమె, భాయ్ వెనక డబ్బాలో కడ్డీ పట్టుకుని నిలబడ్డారు. ముసలాయన షెడ్డు దగ్గరే ఉండిపోయాడు. ఫస్ట్ గేరు వేసి క్లచ్ వదిలాను. యాక్సిలరేటరు మీద ఇంకా కాలు పెట్టనేలేదు, బండి తనంతట తాను సాగిపోయింది. డీజిల్ బండ్లు కొద్దిగా అట్లా పాకుతాయి. కానీ ఇది పాకడం కాదు. మనిషి నడిచినట్టు నడుస్తోంది. గుంత వచ్చినా, చిన్న ఎత్తు వచ్చినా అదే నడక. కాలు పెట్టకపోయినా ఇంజను తిరిగే వేగాన్ని మేం ఐడ్లింగ్ అంటాం. దాన్ని ఎవరో చేతివాటం ఉన్నవాడు కావాలని, సరిగ్గా ఆ నడకకు కుదిరేటట్టు బిగించాడు. ఎందుకు బిగించాడా అని ఆలోచిస్తూ సందు దాటి రోడ్డెక్కాను.

రోడ్డెక్కిన కాసేపటికి ఏదో తేడాగా అనిపించింది. ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. హారన్లు లేవు. మీకు తెలుసు కదా మన ఊరి సంగతి, సిగ్నలు ఇంకా ఎర్రగా ఉండగానే వెనకవాడు వాయిస్తాడు. ఇంత నిదానంగా పోతుంటే ఈపాటికి నా తాతముత్తాతలను తలుచుకోవాలి. బయటి అద్దంలో చూశాను. ఆటో, దాని వెనక స్కూటర్లు, ఒక స్కూలు వ్యాను, అన్నీ బారుగా నా వెనకే వస్తున్నాయి. పక్కన బోలెడు ఖాళీ ఉన్నా ఒక్కరూ దాటిపోవడం లేదు.

టీ బండి దగ్గర ఒకాయన గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు. చెప్పులు వదిలి చేతులు జోడించాడు. ఇంటి ముందు నీళ్ళు చల్లుతున్న ఆమె చెంబు ఆపేసి, పక్కనున్న పాపను కొంగు చాటుకు లాక్కుంది.

"కాకా, ఏందీ... అందరు మనల్ని జూసి ఆగుతున్రు?" అన్నాడు ఆమె తమ్ముడు.

కాలు గట్టిగా నొక్కి సెకండ్, థర్డ్ వేశాను. బండి వేగం అందుకుంది. అంతే, వెనక నుంచి ఒకటే హారన్లు. ఆటోవాడు పక్కనుంచి కోసుకుంటూ పోయి ఏదో తిట్టిపోయాడు. ఆ తిట్టు నా చెవికి ఎంత కమ్మగా ఉందో చెప్పలేను. హమ్మయ్య అనుకున్నాను. ముందు స్పీడు బ్రేకర్ వచ్చింది. మళ్ళీ ఫస్ట్ గేరుకు దిగాను. బండి మళ్ళీ నడక అందుకుంది. రోడ్డు మళ్ళీ నిశ్శబ్దమైపోయింది.

ఇక నా వల్ల కాలేదు. పక్కకు తీసి ఆపేశాను. ఆమె వెనక నుంచి దిగి నా కిటికీ దగ్గరికి వచ్చింది.

"కాకా, వాళ్ళు నాకెందుకు దండం పెడుతున్రు?"

"నీకు గాదు బిడ్డా, ఎవరికో..."

"నాకు సుత గాదు. ఆ టీ బండి కాడి ఆయన నా మొకం జూడలే. నా కాళ్ళ కాడికి జూసిండు. నా కాళ్ళ కాడ ఎవలో పండుకొని ఉన్నట్టు."

భాయ్ డబ్బా దిగి దూరంగా నిలబడి పెదాలు కదుపుతున్నాడు. దువా చదువుతున్నాడని తెలిసింది. మిగతా దూరం అంతా కాలు తీయకుండా తోలుకుంటూ షెడ్డుకు తెచ్చేశాను.

తెచ్చి ఆపగానే, ఎవరితో మాట్లాడకుండా బండి కిందికి దూరాను. నాకు మనుషుల మాటల కంటే ఇనుము మాటలే ముందు వినపడతాయి. టార్చి వేసి చూశాను. డబ్బా పలకల్లో రెండు వరుసల బోల్టు బెజ్జాలు, మూసేసి పైన రంగు వేశారు. వాటి మధ్య వెడల్పు ఒక మనిషి భుజాలంత. పొడవు ఒక మనిషంత. ఛాసిస్ మీద, వెనక చక్రాల దగ్గర, ఏళ్ళనాటి గ్రీజు, దుమ్ము గట్టిపడి ఉంది. అందులో రూపాయి బిళ్ళలు అతుక్కుని ఉన్నాయి. గోటితో గీకితే ఎండిన బంతిపూల రెక్కలు, నల్లబడిన ప్యాలాలు రాలాయి. ప్యాలాలూ చిల్లరా కలిపి మనవాళ్ళు ఎప్పుడు చల్లుతారో మీకు నేను చెప్పాలా?

బండి కింద వెల్లకిలా పడుకుని, పైన ఆ బెజ్జాలను చూస్తూ, నేను కూడా అదే కొలతలో పడుకుని ఉన్నానని తట్టింది. అప్పుడే నా తల పక్కన రెండు పాదాలు వచ్చి ఆగాయి.

"కనవడ్డయా సార్?" అన్నాడు ముసలాయన. "ఎంత కడిగినా పోవు అవి."

పాక్కుంటూ బయటికి వచ్చాను. ఆయన గోడకు ఆనుకుని, మిగతావాళ్ళకు వినపడకుండా నాతో చెప్పాడు. ఇది శవాలను తీసుకుపోయిన బండి. ఇన్నేళ్ళూ ఆయనే నడిపాడు. ఇప్పుడు మోకాళ్ళు క్లచ్ తొక్కలేకపోతున్నాయి.

"ముందుగాల వచ్చినోల్లకు నిజం చెప్పిన సార్. బండిని ముట్టకుంట ఎనుకకు జరుక్కుంట పోయిన్రు. అందుకే డబ్బా మీద రాసున్న పేరుకు రంగు కొట్టిచ్చిన. తుక్కుకు ఇస్తే కోస్తరు. కోయబుద్ధి గాదు. ఎందరు పండుకున్నరు దీన్ల. మీరు చెప్తే ఆమె కొనదు. మీరు ఇంజను సంగతి చెప్పుండ్రి, చాలు. ఇంజను మంచిదే గద?"

"నువ్వెందుకు చెప్పలే మరి?"

"మీరడిగిన ప్రతిదానికి నిజమే చెప్పిన. అది ఏం మోసిందని మీరడగలే."

చెంప మీద కొట్టినట్టయింది. మీటరు తిప్పలేదు, ఆయన చెప్పింది నిజమే. ఇంటి నుంచి శ్మశానానికి ఎంత దూరం ఉంటుంది కనుక? మనుషుల వెంట ఫస్ట్ గేరులో నడిచీ నడిచీ క్లచ్ అరిగింది. ఆ బండికి గీత పడేంత దగ్గరికి ఎవరూ రాలేదు. వెనక నడిచే మనిషి తట్టుకుని పడకూడదని ఐడ్లింగ్ అట్లా బిగించారు. ఇనుము నాకు అన్నీ చెప్పింది. నేనే బీరువా అనుకున్నాను.

ముసలాయన మీద నిజంగా జాలేసింది. ఆ ఇంజను అంత ఆరోగ్యమైన ఇంజను నేను మళ్ళీ చూడలేదు. కానీ ఆమె నన్ను తెచ్చుకుంది ఇంజను కోసం ఒక్కదానికే కాదు కదా. రేపు మోండాలో ఎవరో ఒకరు ఆ నడక గుర్తుపడితే, నష్టపోయేది ఆమె. అక్కాతమ్ముళ్ళిద్దరినీ పిలిచి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

తమ్ముడు ఎగిరి దూకినంత పని చేశాడు. ఇంతసేపూ బండిని ముట్టుకున్న చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ "అక్కా, పోదాం పా. తలస్నానం జెయ్యాలె" అన్నాడు. ఆమె కదల్లేదు. ముసలాయన ముందుకు పోయి నిలబడింది.

"తాతా, కరోనాల సుత నడిపినవా?"

"నడిపిన బిడ్డా."

"పెద్దాసుపత్రికెల్లి తీస్కపోయినవా?"

"ఆడికెల్లే ఎక్కువ."

"మా ఆయన పొడుగు మనిషి. ఎడమ చేతికి ఎర్ర దారం ఉండె."

ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

"మొకం, చెయ్యి ఏం కనవడకుంట చుట్టి ఇచ్చేటోల్లు బిడ్డా. పేరడిగితే చెప్పేటోడు లేడు. నీ మనసు నిమ్మళం జేద్దామని ఔ, తీస్కపోయిన అని చెప్పొచ్చు. చెప్ప. నాకు తెల్వదు."

"ఎట్ల తీస్కపోయినవ్ వాళ్ళను?"

"గిట్లనే. నడిచినట్టు. రోడ్లన్ని ఖాళీ, ఎంత జోరుగన్న పోవచ్చు. తొందరగ రా, ఇంక ఉన్నరని ఫోన్ల మీద ఫోన్లు. నాకు కాలు పెట్టబుద్ధి గాలే. ఇంటోల్లు ఎనుక నడిచొస్తున్రనే అనుకొని పోయిన."

"మరి అద్దం ఎందుకు తీసేసినవ్?" అన్నాను నేను. ఆ ప్రశ్న ఎందుకు అడిగానో నాకే తెలియదు.

"ఆ ఏడే పీకేసిన సార్. ఎనుక ఎవ్వలు లేరని తెలుసు. అయినా అద్దంల జూడాల్నంటే దడ వుట్టేది. ఎవ్వలు లేకుంటే ఒక భయం, ఎవలన్న ఉంటే ఒక భయం."

ఆమె చెప్పులు విడిచి షెడ్డు గోడ పక్కన పెట్టింది.

"తాతా, బండి దియ్యి. గట్లనే పోనియ్యి."

తమ్ముడు ఏదో అనబోతే భాయ్ వాడి భుజం పట్టుకున్నాడు. ముసలాయన ఎక్కి కూర్చున్నాడు. నేను తెరిచిన బయటి అద్దాలు ముందుగా లోపలికి మడిచేశాడు. క్లచ్ వదిలాడు. బండి కదిలింది, ఆమె వెనక నడిచింది. డబ్బా తలుపు మీద చూపు పెట్టి, చేతులు రెండూ కిందికి వదిలేసి నడిచింది. మేం ముగ్గురం ఆమె వెనక. మా వెనక ఆటోలూ స్కూటర్లూ వచ్చి చేరాయి. ఎండ నెత్తి మీద మాడుస్తోంది, కాళ్ళ కింద తారు కాలుతోంది, అంత పెద్ద రోడ్డు మీద ఆ ఇంజను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. టీ బండి దగ్గరి ఆయన మళ్ళీ లేచాడు. ఈసారి ఆయన చూపు బండిలోకి పోలేదు. ఆమెను చూశాడు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. భాయ్ కూడా ఏడ్చాడు, తర్వాత ఒప్పుకోలేదు.

మలుపు దగ్గర ఆమె ఆగిపోయింది. బండి కూడా ఆ అడుగులోనే ఆగింది.

ముసలాయనకు అద్దం లేదు. మాలో ఎవరం కేకెయ్యలేదు. ఎట్లా తెలిసిందని తర్వాత నేనడిగితే, "ఏమో సార్, ఆగాలనిపిచ్చింది" అన్నాడు. డిపోలో అంతకాలం పనిచేసి, కారణం లేకుండా ఏ బండీ ఆగదని కుర్రవాళ్ళకు పాఠాలు చెప్పినవాణ్ణి. దానికి కారణం ఇప్పటికీ నా దగ్గర లేదు.

ఆమె కొంగుతో ముఖం గట్టిగా తుడుచుకుంది. నా వైపు తిరిగింది. అది మళ్ళీ మోండాలో నేను ఎరిగిన ముఖం.

"కాకా, క్లచ్ ప్లేటు మార్చు. అద్దం పెట్టు. హారన్ వైరు కలుపు. మోండాల హారన్ లేకుంట అడుగు ముందుకు వడదు."

"బిడ్డా, అక్కడ తెలిస్తే?"

"తెలిసుడేంది, నేనే చెప్త. ఇంకొకలు చెప్తే మచ్చ గానీ, నేను చెప్తే మచ్చెట్లయితది?"

"ఐడ్లింగ్ తగ్గిస్త మరి."

"అది ముట్టకు," అంది.

చెప్పినట్టే చెప్పింది. మొదటి లోడు రోజున బండి ముందు నిలబడి, ఇది ఫలానా బండి, కరోనాలో మనోళ్ళను మోసిందని, వేసేవాళ్ళు మూటలు వేయండి, వెయ్యబుద్ధి గానోళ్ళు మానండి అని అందరికీ వినపడేటట్టు చెప్పింది. దబాయింపులో ఆమె తర్వాతే ఎవరైనా. అయినా ఫలితం ఏముంది, పక్క అడ్డాలో పుదీనా అమ్మే ఆమె అప్పటికే ఎక్కించిన తన మూటలు దించేసుకుంది. ఆమెను చూసి ఇంకొందరు. తమ్ముడు తల దించుకుని ఖాళీ ఖాళీగా ఉన్న బండిని తోలుకుపోయాడు. ఆ వారం మా ఇంట్లో రోజూ ఆకుకూరే. మిగిలిపోతున్న కట్టలు చూడలేక నేనే కొనుక్కొచ్చేవాణ్ణి. మా ఆవిడ నన్ను మేకతో పోల్చింది.

తర్వాత ఒక పొద్దున మోండాకు పోయాను. బండి లోడు దించుకుని, బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. వెనక సందంతా కిక్కిరిసి ఉంది. ట్రాలీ ఆటోలు, తోపుడు బండ్లు, ఉల్లిగడ్డల లారీ. అందరూ హారన్ల మీద హారన్లు వాయిస్తున్నారు. తమ్ముడు తాళం మీద చెయ్యి వేశాడు, అంతలో పుదీనా ఆమె వచ్చింది. బండి వెనక్కి పోయి, డబ్బా తలుపు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుంది.

నేను బోనెట్ల మీద అట్లా చెయ్యి పెట్టడమే ఎరుగుదును. ఆమె ఎవరి కోసం పెట్టిందో నాకు అప్పటిదాకా తెలియదు. మా ఆకుకూరల ఆమె నా చెవిలో చెప్పింది, "ఆమె కొడుకు కాకా. అదే ఏడు."

పైన నేను బిగించిన కొత్త అద్దంలో తమ్ముడు ఆమెను చూశాడు. తాళం మీది చెయ్యి తీసేశాడు. ఒక్కొక్క హారనూ ఆగిపోయింది. ఆమె చెయ్యి తీసేదాకా, మోండా మార్కెట్లో, నిండు బేరాల వేళ, ఒక్కరు కూడా మళ్ళీ హారన్ కొట్టలేదు.